బీరువా తాళం పోయిందిట

రావమ్మగారి బీరువా తాళం పోయిన రోజు పటమటలో వాళ్ళింట్లో పాలు పొంగిపోయాయి, పప్పు అడుగంటింది, వెంకటకృష్ణారావు మాస్టారు బడికి ఆలస్యంగా వెళ్ళారు. పోయింది ఒక్క తాళమే అయినా ఇల్లంతా తాళం తప్పింది.

వెతకని చోటు లేదు. మాస్టారి భార్య ఉషశ్రీ బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికింది. పదో తరగతి చదువుతున్న కూతురు సింధూరి మంచం కిందకి దూరి ఒక షటిల్ కాకు, ఒక కుడికాలి చెప్పు, ఎప్పుడో పోయిందనుకున్న పప్పుగుత్తి బయటికి తీసింది. తాళం మాత్రం దొరకలేదు. మాస్టారు అందరికంటే శ్రద్ధగా వెతికారు. ఫ్రిజ్ తలుపు తీసి కోడిగుడ్ల వెనక కూడా చూశారు.

"ఫ్రిజ్‌లో ఎందుకుంటుందండీ?" అంది ఉషశ్రీ.

"వెతకడం అంటే అన్నిచోట్లా వెతకాలి ఉషా. ఉండే చోటే వెతికితే దాన్ని వెతకడం అనరు, తీసుకోవడం అంటారు."

"దేవుడి గూట్లో పెట్టిన తాళం. ఏడాది నుంచీ అక్కడే ఉంది. నిన్న దీపం పెట్టినప్పుడు కూడా చూశాను."

"దేవుడే తీసుకున్నాడేమో."

"ఆయనకెందుకండీ, మీ అమ్మగారి చీరలు?"

రావమ్మగారు మాస్టారి తల్లి. ఆవిడ పోయి ఏడాది అయింది. సంవత్సరీకం కూడా అయిపోయింది. ఆ తరవాత ఆవిడ చీరలు తీసి ఆడపిల్లలకీ, దగ్గరివాళ్ళకీ పంచడం వాళ్ళ ఇంటి ఆనవాయితీ. మైలవరంలో ఉన్న మాస్టారి చెల్లెలు తిరుమల అప్పటికే పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఫోను చేస్తోంది. "అన్నయ్యా, తీశారా?" అని మొదలుపెట్టి, "ఆకుపచ్చ అంచు వెంకటగిరి చీర నాదే సుమా" అని ముగిస్తుంది. మధ్యలో కుశలప్రశ్నలు వదినతో.

ఇంతకీ తాళం పోలేదు. అది మాస్టారి మొలతాడుకి కట్టి ఉంది.

రావమ్మగారు బతికినన్నాళ్ళూ ఆ తాళాన్ని బొడ్లో దోపుకునే తిరిగారు. ఆస్పత్రికి వెళ్ళేరోజు పొద్దున బీరువా తీసి, చీరలన్నీ మళ్ళీ మడతలు పెట్టి, తన వరసలో తను సర్దుకుని, తాళం వేసి కొడుకు చేతికిచ్చారు. "వచ్చాక తీసుకుంటాలేరా," అన్నారు. ఆ తరవాత ఆ తలుపు ఎవరూ తెరవలేదు. ఇంట్లో మంచం జరిగింది, మందుల బల్ల జరిగింది, ఆవిడ కళ్ళజోడు ఎవరికో ఇచ్చేశారు. ఆవిడ చేత్తో సర్దిన సర్దుడు ఆ బీరువాలో మాత్రమే మిగిలింది. తెరిస్తే తలో చెయ్యీ పడుతుంది. ఆ ముక్క పైకి చెప్పడానికి మాస్టారికి మాటలు చాల్లేదు. అంచేత తాళం పోగొట్టారు.

లెక్కల మాస్టారు కాబట్టి ఆయన లెక్క సులువుగానే ఉంది. తాళం లేదు, కనక బీరువా తెరుచుకోదు, కనక చీరలు పంచరు. ఈ లెక్కలో ఆయన ఉషశ్రీని వెయ్యడం మర్చిపోయారు.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే కాఫీ గ్లాసుతోబాటు ఉషశ్రీ ఒక మనిషిని కూడా తీసుకొచ్చింది.

"ఎవరీవిడ?"

"తెరేసమ్మగారండీ. రైతుబజారు ఎదురుగా తాళాలు బాగుచేస్తారు."

తెరేసమ్మని ఎరగనివాళ్ళు పటమటలో తక్కువ. బడ్డీ కొట్టు మీద 'తెరేసమ్మ తాళాలు' అని బోర్డు ఉంటుంది గానీ జనం పిలిచేది మాత్రం 'తెరిచేసమ్మ' అని. ఆవిడకి కోపం లేదు. పైగా, "రెండూ నా పేర్లే. ఒకటి చర్చిలో పెట్టారు, ఒకటి బజార్లో పెట్టారు" అని నవ్వుతుంది. మనిషి పొడుగు, గొంతు ఇంకా పొడుగు.

"ఏం మాస్టారూ, తాళం పోయిందంట? పోయింది కప్పా, చెవా?"

"చెవి," అన్నారు మాస్టారు.

"ఎవరి చెవి?"

"బీరువాది!"

"కప్ప ఉండి చెవి పోతే పర్లేదు. చేసేయొచ్చు."

"అలా అయితే ఈ ఇంట్లో ఇంకోరికి కూడా చెయ్యాలండి," అంది ఉషశ్రీ మొగుడి వైపు చూడకుండా. "పదిసార్లు పిలిచినా వినపడదు."

తెరేసమ్మ బీరువా ముందు బాసింపట్టు వేసుకు కూర్చుంది. ఇంకా పళ్ళు కొయ్యని మొద్దు తాళం ఒకటి తీసి, కొవ్వొత్తి వెలిగించి, దాని మీద పట్టి మసి పట్టించింది. కన్నంలో పెట్టి నెమ్మదిగా తిప్పబోయి బయటికి తీసింది. నల్లటి మసి మీద అక్కడక్కడా గీతలు తేలాయి. సింధూరి ఆవిడ భుజం మీదనించి ఊపిరి బిగబట్టి చూస్తోంది.

"లోపల ఎక్కడ అడ్డం తగుల్తుందో అక్కడ మసి చెరుగుద్ది పాపా. అక్కడ ఆకురాయితో రాస్తాం. మళ్ళీ మసి, మళ్ళీ గీత, మళ్ళీ రాయడం. తాళం మనం చెయ్యం. లోపల ఏముందో అది చెప్తా ఉంటది, ఇది వింటా ఉంటది. అందుకే దీన్ని చెవి అన్నారు." ఆవిడ మాస్టారి వైపు తిరిగింది. "పాత తాళం. అయినా మజ్జానం అన్నాలవేళకి తీసిచ్చేస్తా."

మాస్టారు కాఫీ గ్లాసు కింద పెట్టేశారు. "ఆగండి!" అన్నారు.

అందరూ ఆగారు. ఎందుకు ఆగమన్నారో ఆయనకింకా తెలియదు. కూతురి మొహం చూశాక తెలిసింది.

"మా అమ్మ బీరువా మీద పరాయి చెయ్యి పడకూడదు," అన్నారు గంభీరంగా.

"మరి నన్నెందుకు పిలిచారు మాస్టారూ?"

"మీరు తెరవడానికి కాదు, నేర్పడానికి. మా సింధూరికి నేర్పండి. అది నేర్చుకుని, మనవరాలిగా అదే తాళం చేస్తుంది. అంతవరకూ బీరువా ముట్టుకోవద్దు."

తెరేసమ్మ చేతిలో ఉన్న మొద్దు తాళం కింద పెట్టేసింది.

"నాన్నా!" అంది సింధూరి.

"పదో తరగతి పిల్లండీ!" అంది ఉషశ్రీ. "ఈ ఊళ్ళో పదో తరగతి పిల్ల ఇంట్లో ఉంటే చుట్టాలు కూడా రారు. టీవీకి దుప్పటి కప్పుతారు. మీరు తాళాలు నేర్పిస్తానంటారా?"

"సాయంత్రాలు, ఆదివారాలు. బడి బడే, పని పనే."

"మార్కులు తగ్గితే?"

"నేనున్నాగా."

"ఆడపిల్లకి ఆకురాయి ఏమిటని మీ చెల్లెలు అంటే?"

"దానికి నేను చెప్తాను."

"మీ బళ్ళో నవ్వితే?"

"నవ్వనీ."

"పరీక్షలయ్యాక కూడా నేర్చుకుంటానని ఇది మంకుపట్టు పడితే?"

"నేర్చుకోనీ! ఎన్నేళ్ళయినా నేర్చుకోనీ!" అన్నారు మాస్టారు. ఎన్నేళ్ళయితే ఆయనకి అంత మంచిది.

"మాటేనా?"

"మాటే."

ఉషశ్రీ పైట చెంగుతో మొహం తుడుచుకుంది. బాధపడుతోందనుకుని మాస్టారు జాలిపడ్డారు.

ఆవిడ లోపలికి వెళ్ళాక గొంతు తగ్గించి తెరేసమ్మని అడిగారు. "ఇంతకీ ఈ పని రావడానికి ఎంతకాలం పడుతుందండీ?"

"మా ఆయన దగ్గర నాకు చెయ్యి కుదరటానికి ఏళ్ళు పట్టింది మాస్టారూ."

ఆ పూట మాస్టారు రెండుసార్లు పెరుగు వేయించుకున్నారు.

మంచిరోజు చూసి సింధూరిని పనిలో పెట్టారు. ఉషశ్రీ పళ్ళెంలో తమలపాకులు, పళ్ళు, జాకెట్టు గుడ్డ పెట్టి పట్టుకెళ్ళింది. తెరేసమ్మ ఆకురాయిని రెండు చేతులా పట్టుకుని, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసి, సింధూరి చేతిలో పెట్టింది. సింధూరి దాన్ని కళ్ళకద్దుకుంది.

"ఒక్క మాట గుర్తుంచుకో పాపా," అంది తెరేసమ్మ. "చేసిన చెయ్యి తిప్పకూడదు. తాళం చేస్తావు, అయింది అని తెలిసేదాకా చూస్తావు, ఆపైన సొంతదారు చేతిలో పెట్టి పక్కకి జరుగుతావు. వాళ్ళు తిప్పితే నువ్వు పనిమంతురాలివి. నువ్వే తిప్పితే దొంగవి. ఆ బీరువా తాళం సొంతదారు తిప్పి తెరిస్తేనే నువ్వు పాసయినట్టు."

మొదట్లో అంతా మాస్టారి లెక్క ప్రకారమే నడిచింది. చాలా రోజులు తెరేసమ్మ తాళం ముట్టుకోనివ్వలేదు. ఒక ఇనపముక్క ఇచ్చి దాన్ని అద్దంలా చదునుగా రాయమంది. సింధూరి రాసింది. వేళ్ళు బొబ్బలెక్కాయి. రాసినది వెలుతురుకి ఎత్తి చూసి, "ఇదేంటి, చదునా, కొండపల్లి కొండా?" అని తిరిగి ఇచ్చేది తెరేసమ్మ. సింధూరి మళ్ళీ రాసేది. ఇంటికొచ్చి అన్నం కలుపుకోలేక చెంచాతో తినేది. ఒక్కసారి కూడా మానేస్తానన్లేదు.

బళ్ళో స్టాఫ్‌రూములో సోషల్ మాస్టారు వెంకటప్పయ్య దొరికిందే సందని అందుకున్నాడు. "అందరి పిల్లలకీ ఐఐటీ ఫౌండేషను, మీ అమ్మాయికి తాళాల ఫౌండేషనా మాస్టారూ?"

"రేపు మీవాడు ఐఐటీలో హాస్టలు గది తాళం పారేసుకుంటే ఎవరొస్తారనుకున్నావ్?" అన్నారు మాస్టారు. అని, తన మాట తనకే నచ్చి, ఆ రోజంతా ప్రతి క్లాసులోనూ ఏదో వంకన చెప్పారు.

ఆయనకి ఒకే ఒక్క చిక్కు మొలతాడు దగ్గరుంది. బోర్డు మీద కింది వరస రాయడానికి వంగినప్పుడల్లా తాళం బెల్టు బిళ్ళకి తగిలి టింగుమనేది. వెనక బెంచీలవాళ్ళు బెల్లు కొట్టారనుకుని పుస్తకాలు సర్దేసేవాళ్ళు. అంచేత ఆయన వంగడం మానేసి లెక్కలన్నీ బోర్డు పైభాగంలోనే ముగించడం మొదలుపెట్టారు. పెద్ద లెక్కలు చెప్పడం మానేశారు.

ఇంట్లో కూడా కర్ర మింగినవాడిలా నడుస్తుంటే ఉషశ్రీ అడిగింది. "నడుం నొప్పా అండీ?"

"ఆఁ... కొంచెం."

"అయ్యో. చొక్కా విప్పండి, నూనె రాస్తాను."

"అబ్బే, తగ్గిపోయింది."

"ఇప్పుడేగా నొప్పన్నారు?"

"చెప్పగానే తగ్గింది. నువ్వు అడిగిన తీరు అలాంటిది."

పెళ్ళయినప్పటినించీ ఎన్నడూ లేనిది, ఆ తరవాత ఉషశ్రీ రోజూ నూనె గిన్నె పట్టుకుని ఆయన వెనకాల తిరిగింది. ఆయన రోజూ పెరటి గుమ్మంలోనించి పారిపోయారు. భార్యకి తన మీద ఇంత ఆపేక్ష ఉందని తెలియక ఇన్నాళ్ళూ పోట్లాడానే అని ఒక్కోసారి కళ్ళు చెమర్చేవి.

చెయ్యి కుదిరాక సింధూరి ఆగలేదు. మొదట సైకిలు తాళం, తరవాత గేటు తాళం, ఆ తరవాత పక్కింటి కిరీటిగారి గేటు తాళం. వీధిలోవాళ్ళందరూ పాత డబ్బాల అడుగున తుప్పుపట్టి పడున్న కప్పలన్నీ పట్టుకొచ్చి అరుగు మీద పెట్టి పోసాగారు. వానాకాలంలో చెరువుగట్టు మీద కూడా అన్ని కప్పలు కనిపించవు. మాస్టారికి 'కప్పల మాస్టారు' అని పేరొచ్చింది. తలుపు తట్టినవాళ్ళెవరూ ఇప్పుడు లెక్కల గురించి అడగడం లేదు.

"పాప ఉందాండీ?"

"నేనున్నాను. చెప్పండి."

"మీరెందుకండీ, పాప కావాలి."

ఒకనాడు మాస్టారికి ఇందులో ఒక లాభం కనిపించింది. డాక్టరు తీపి తగ్గించమన్నప్పటినించీ ఉషశ్రీ పూతరేకులు వంటింటి అలమరలో పెట్టి తాళం వేస్తోంది. ఆవిడ బజారుకి వెళ్ళడం చూసి ఆయన కూతుర్ని పిలిచారు.

"అమ్మా సింధూరీ, నీకు చెయ్యి ఎంత కుదిరిందో చూద్దాం. ఈ అలమర తియ్యి."

సింధూరి కొవ్వొత్తి వెలిగించింది, రాసింది, మళ్ళీ రాసింది. కాసేపటికి తాళం తయారైంది. కన్నంలో పెట్టి, చెయ్యి తీసేసి, పక్కకి జరిగింది.

"తిప్పవేం?"

"నేను తిప్పకూడదు నాన్నా."

"అయితే నేను తిప్పుతాను."

"నువ్వూ తిప్పకూడదు. అది అమ్మ తాళం. అమ్మే తిప్పాలి."

ఉషశ్రీ బజారునించి వచ్చేసరికి అలమరకి కొత్త తాళం వేలాడుతోంది. తండ్రీ కూతుళ్ళు దానికి చెరోపక్కా నిలబడి ఉన్నారు. ఆవిడ సంచీ కిందపెట్టి, తాళం తిప్పి, ఒక పూతరేకు తీసి, కూతురికిచ్చి, మళ్ళీ తాళం వేసి, రెండు తాళాలూ బొడ్లో దోపుకుంది.

ఆ రోజు మాస్టారికి భయం పట్టుకుంది. అలమర తాళం ఇవాళ తయారైతే బీరువాది ఎంతో దూరంలో లేదు.

తిన్నగా తెరేసమ్మ కొట్టుకి వెళ్ళారు. "కొంచెం నెమ్మదిగా నేర్పండమ్మా. పదో తరగతి కదా."

"నేనెక్కడ నేర్పుతున్నా మాస్టారూ? నేను టీ తాగొచ్చేసరికి తనే చేసేత్తంది. నా గిరాకీలు కూడా 'పాప లేదా' అని అడుగుతున్నారు. నాకే పని నెమ్మదించింది."

ఇక మాస్టారు స్వయంగా రంగంలోకి దిగారు. ఎవరూ చూడకుండా బీరువా కన్నంలో అగ్గిపుల్ల విరిచి పెట్టారు. సింధూరి సాయంత్రానికి పట్టుకారుతో లాగేసింది.

"నాన్నా, ఇందులో అగ్గిపుల్ల ఉంది."

"ఎలుక పెట్టి ఉంటుందమ్మా."

"ఎలుకలు చుట్ట కాలుస్తాయా?" అంది వంటింట్లోంచి ఉషశ్రీ.

తరవాత చింతపండు కూరారు. తుప్పు పట్టి బిగుసుకుపోతుందని ఆయన ఆశ. అది ఇత్తడి కన్నం. సింధూరి కడిగి తుడిచేసరికి రావమ్మగారు కొన్నప్పటి తళుకు వచ్చింది. "నానమ్మ కూడా ఇలాగే తోమేది కదమ్మా," అంది సింధూరి. "తోమేది," అంది ఉషశ్రీ. మాస్టారు పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. చాలాసేపు పేజీ తిప్పలేదు.

పరీక్షలు వచ్చాయి, అయిపోయాయి. ఎండలు ముదిరాయి. తెరేసమ్మ ఒక ఆదివారం పొద్దున్న కబురు చేసింది. "ఇయ్యాల బీరువా పని ముగించేద్దాం. నేనూ వస్తా, చూట్టానికి."

ఆ కబురు మాస్టారికంటే ముందు మైలవరం చేరింది. తిరుమల మొదటి బస్సుకే దిగింది. చేతిలో సంచి ఉంది. సంచి అనడం మర్యాద. ఒక మనిషి కాళ్ళు ముడుచుకుని పడుకోవచ్చు అందులో.

"ఇంత సంచి ఎందుకే?" అన్నారు మాస్టారు.

"ఖాళీగా ఉంది కాబట్టి పెద్దదిగా కనిపిస్తోంది అన్నయ్యా."

బీరువా ముందు చాప వేశారు. తెరేసమ్మ స్టూలు మీద పనిపెట్టె తెరిచి పెట్టింది. అందులో పాత స్పీకరులోంచి పీకిన అయస్కాంతం ఒకటి ఉంది. అప్పడమంత వెడల్పు, ఇటుకంత బరువు. రాసినప్పుడు రాలే ఇనపరజను ఏరడానికి ఆవిడ దాన్ని వాడుతుంది. సింధూరి మసి పట్టించింది, పెట్టింది, తీసింది, రాసింది. ఒక్కో పన్నూ తేలుతున్నకొద్దీ మాస్టారి ప్రాణం ఒక్కో మెట్టు దిగుతోంది.

"నాన్నా, టార్చి కొంచెం కిందకి పట్టు."

మాస్టారు పంచె సర్దుకుని ముందుకి వంగారు.

టక్!

ఎవరూ ఏమీ చెయ్యలేదు. మాస్టారి చొక్కా బొడ్డు దగ్గర గొడుగులా లేచి అయస్కాంతానికి అంటుకుంది. ఆయన వెనక్కి లాగారు. చొక్కా రాలేదు. ఇంకొంచెం లాగారు. పనిపెట్టె స్టూలు మీద ఆయన వెనకే జరిగింది.

"ఏంటి మాస్టారూ, అది?" అంది తెరేసమ్మ.

"బెల్టు బిళ్ళ."

"పంచె మీదకి బెల్టేంటన్నయ్యా?" అంది తిరుమల.

"కొత్త పద్ధతి," అన్నారు మాస్టారు, మళ్ళీ లాగుతూ.

"అలా లాగకండీ," అంది ఉషశ్రీ తాపీగా. "మొలతాడు తెగుతుంది. నెమ్మదిగా పక్కకి తిప్పి తియ్యండి."

మాస్టారు లాగడం ఆపారు. అందరూ ఉషశ్రీ వైపు చూశారు. ఆవిడ వచ్చి, చొక్కా పైకెత్తి, తాళాన్ని అయస్కాంతంనించి పక్కకి జార్చి తీసింది. ఎప్పుడూ అదే పని చేస్తున్నదానిలా తీసింది.

"నీకు తెలుసా?" అన్నారు మాస్టారు.

"ఏవండీ, మీరు అన్నానికి కూర్చుంటే గంట మోగుతోంది. స్నానానికెళ్తే మోగుతోంది. వీధిలో పాలబ్బాయికి కూడా తెలిసే ఉంటుంది."

"ఎప్పటినించీ?"

"మీరు ఫ్రిజ్‌లో వెతికినప్పటినించీ."

మాస్టారు లెక్క మొదటినించీ మళ్ళీ వేసుకున్నారు. ఎక్కడో అంకె కలవడం లేదు.

"తాళం నా దగ్గరుందని తెలిస్తే మరి తెరేసమ్మగారిని ఎందుకు పిలిచావు?"

ఉషశ్రీ సింధూరి వైపు చూసింది. సింధూరి ఆకురాయి వైపు చూసింది. తెరేసమ్మ చూరు వైపు చూసింది.

"ఇది తొమ్మిదో తరగతినించీ అడుగుతోందండీ. బడినించి వస్తూ రోజూ ఆవిడ కొట్టు దగ్గర నిలబడిపోయేది. నేర్చుకుంటానమ్మా అని నా ప్రాణం తీసేది. మిమ్మల్ని అడిగితే ఏమనేవారు?"

మాస్టారు ఆలోచించారు. ఏమనేవారో ఆయనకి బాగా తెలుసు. దానికి మూడు ఉదాహరణలు, ఒక సూత్రం కూడా చెప్పి ఉండేవారు.

"అడగలేదు. ఆవిడని తీసుకొచ్చి కూర్చోబెట్టాను. మిగతాది మీరే చేశారు. వద్దన్నది నేను, మాటిచ్చింది మీరు. ఎన్నేళ్ళయినా నేర్చుకోనీ అన్నారు. ఇద్దరు సాక్షులున్నారు."

"ముగ్గురమ్మా," అంది తెరేసమ్మ. "కొవ్వొత్తిని కూడా కలుపుకోండి."

తిరుమల పొట్ట పట్టుకు నవ్వింది. మాస్టారు కూడా నవ్వబోయారు. సగంలో ఆగిపోయారు, కూతురు ఇంకా బీరువా ముందే కూర్చుని ఉండటం చూసి. ఈ గొడవంతా జరుగుతున్నా సింధూరి పని ఆపలేదు. చివరి పన్ను మీద ఆకురాయి రెండుసార్లు ఆనించి, మసి పట్టించి, కన్నంలో పెట్టి, ఒక్క వెంట్రుకవాసి కదిపి, బయటికి తీసి, వెలుతురుకి ఎత్తింది. ఎక్కడా మసి చెరగలేదు.

తెరేసమ్మ చేతిలోకి తీసుకుని చూసింది. చాలాసేపు చూసింది. కొండపల్లి కొండ అన్లేదు. "అయ్యింది," అంది.

సింధూరి తాళాన్ని గుడ్డతో తుడిచి తండ్రి చేతిలో పెట్టింది. ఇంకో చేతిలో రావమ్మగారి తాళం ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూశారాయన. ఒకటి అరిగి నున్నగా ఉంది. ఒకటి కొత్తగా గరుగ్గా ఉంది. పళ్ళు మాత్రం ఒక్కటే.

"తిప్పు నాన్నా," అంది సింధూరి పక్కకి జరిగి. "నువ్వు తిప్పితేనే నేను పాసు."

మాస్టారు కూతురి తాళాన్ని కన్నంలో పెట్టారు. అది సాఫీగా దిగింది. చెయ్యి దాని మీదే ఉంది. అందరూ ఎదురుచూశారు.

"ఈ తలుపు వెనక..." అన్నారాయన. అక్కడ ఆగారు. ఇన్నేళ్ళు పాఠం చెప్పిన మనిషికి ఆ వాక్యం పూర్తి కాలేదు.

అప్పుడు తిరుమల లేచింది. ఆకుపచ్చ అంచు వెంకటగిరి చీర కోసం ఇన్నాళ్ళుగా ఫోన్లు చేసిన తిరుమల.

"పొద్దున్నే బస్సెక్కాను వదినా, నోట్లో కాఫీ చుక్క పడలేదు. ముందు కాఫీ తాగుదాం."

"అవును, కాఫీ పెడతాను," అని ఉషశ్రీ వెంటనే లేచింది.

కాఫీ తాగారు. కాఫీ అయ్యాక తెరేసమ్మ ఖాళీ కడుపుతో ఎలా వెళ్తుందని పెసరట్లు వేశారు. పెసరట్లయ్యాక చర్చికి ఆలస్యమైందంటూ తెరేసమ్మ వెళ్ళిపోయింది. ఎండగా ఉంది, సాయంత్రం చల్లబడ్డాక తెరుద్దామంది తిరుమల. సాయంత్రం చల్లబడింది. బస్సు వేళ కూడా అయింది.

మాస్టారు చెల్లెల్ని బెంజిసర్కిలు దాకా స్కూటరు మీద దింపారు. ఆవిడ సంచి ఖాళీగా ఉందని ఉషశ్రీ అందులో గోంగూర పచ్చడి, ఒక అరటి గెల సగం వేసింది. అయినా అది ఖాళీగానే కనిపించింది. బస్సు ఎక్కబోతూ తిరుమల వెనక్కి తిరిగింది.

"అన్నయ్యా, మళ్ళీ వచ్చినప్పుడు తెరుద్దాంలే. తొందరేముంది?"

ఆ తరవాత ఆవిడ ఫోను చేస్తూనే ఉంది. కుశలప్రశ్నలే అడుగుతోంది.

పదో తరగతి ఫలితాలు వచ్చాయి. సింధూరి బాగానే పాసయింది. లెక్కల్లో వచ్చిన మార్కులు చూసి వెంకటప్పయ్య తన కొడుకుని కూడా తాళాలకి పంపనా అని అడిగాడు. సాయంత్రం పూట సింధూరి ఇప్పటికీ తెరేసమ్మ కొట్లోనే ఉంటుంది. రైతుబజారు ఎదురుగా వెళ్తే ఆకురాయి చప్పుడు వినిపిస్తుంది. ఆ పని మానమని ఇంట్లో ఎవరూ అనలేదు. అనే హక్కున్న మనిషి మాటిచ్చేశాడు.

మాస్టారి మొలతాడుకి ఇప్పుడు రెండు తాళాలున్నాయి. దాచాల్సిన పని లేదు కాబట్టి ఆయన హాయిగా వంగి బోర్డు అడుగు దాకా లెక్కలు చేస్తున్నారు. రెండూ ఒకదానికొకటి తగిలి బాగా వినపడేలా మోగుతాయి. వెనక బెంచీలవాళ్ళు అలవాటు పడిపోయారు. పుస్తకాలు సర్దడం లేదు.

సింధూరి అప్పుడప్పుడు భోజనాల దగ్గర అడుగుతుంది. "నాన్నా, నా తాళం ఫలితం ఎప్పుడొస్తుంది?"

"వస్తుందమ్మా," అంటారాయన.

బీరువా ఇంకా తెరవలేదు.